గిటారుకీ గీటురాయి

నగలు కొనేటప్పుడు మా ఇంట్లో జరగని చర్చ మొన్నీమధ్య ఒక పాత గిటారు కొనడానికి జరిగింది.

మావాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఎలక్ట్రిక్ గిటారు కావాలని ఇంటర్మీడియెట్ నాటి నుంచీ కలవరిస్తున్నాడు. కొత్తది కొనే తాహతు లేదని వాడికీ తెలుసు. అందుకని వీధిలో పిల్లలకి లెక్కలు చెప్పి, రెండేళ్ళలో 38 వేలు కూడబెట్టుకున్నాడు. ఒకనాడు నేను చేతులకి నూనె రాసుకుని పనసకాయ ముందు కూర్చుని ఉండగా, ఫోను పట్టుకుని వంటింట్లోకి దూసుకొచ్చాడు.

"అమ్మా! ఫెండర్ స్ట్రాటోకాస్టర్! 1976లో అమెరికాలో చేసింది. 35 వేలకే ఇస్తారట. విజయవాడలోనే!"

"అసలు ఖరీదు ఎంతుంటుందిరా?"

"లక్షల్లో ఉంటుందమ్మా."

"లక్షల వస్తువుని వేలకి ఎందుకిస్తున్నారుట?"

వాడు ఓ క్షణం ఆలోచించి, "ఆయనకి దాని విలువ తెలీదేమో" అన్నాడు. అంటున్నప్పుడు వాడి కళ్ళు మెరిశాయి.

చెప్పొద్దూ, ఆ మెరుపు చూసి నాకు భయం వేసింది. లోకంలో సగం మోసాలు ఈ "తెలీదేమో" దగ్గరే మొదలవుతాయి. అవతలివాడికి తెలీదని మనం లోలోపల సంబరపడతాం. మనకి తెలీదని అవతలివాడూ అలాగే సంబరపడుతూ ఉంటాడు. "నిజంగా ఆయనకి తెలీకపోతే మనం చెప్పాలి కదరా" అన్నాను. వాడి మొహం పనస చెక్కులా అయింది.

మావారు పేపరు దించి, "ముక్కూ మొహం తెలియని వాడి దగ్గర పాత గిటారా? దానికి 35 వేలా?" అని మళ్ళీ పేపరెత్తుకున్నారు. ఆయన అభిప్రాయం అంతే. కానీ ఆ డబ్బు వాడు గొంతు నొప్పెట్టేలా ఎక్కాలు చెప్పి సంపాదించుకున్నది. వద్దనడానికి నోరు రాలేదు. వెళ్ళి చూసి రమ్మని పంపడానికి ధైర్యమూ చాలలేదు. పిల్లనిచ్చేటప్పుడు ఏడు తరాలు విచారిస్తామే, వస్తువుకి మాత్రం వంశం ఉండదా? నేను చదివింది బి.ఏ. చరిత్రే. వారం రోజులు తల్లీకొడుకులం కూర్చుని గిటారు చరిత్ర తిరగేశాం. తీరా చదువుతుంటే నాకే ఆసక్తి పెరిగిపోయింది. ఆ కబుర్లే మీతో చెప్పాలని.

ఈ కథకి మూలపురుషుడు లియో ఫెండర్. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్న మనిషి. లెక్కలు రాసే ఉద్యోగం నుంచి రేడియోలకి మారాడు. విచిత్రమేమిటంటే ఆయనకి గిటారు వాయించడం రాదు! 1946లో సొంత కంపెనీ పెట్టాడు. మామూలు గిటారుకి లోపల గుల్లగా ఉండే పెద్ద పొట్ట ఉంటుంది, శబ్దం అక్కడ పెరుగుతుంది. ఈయన ఆ పొట్ట తీసేసి, నిండు చెక్క పలకని పెట్టాడు. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నటి రాగితీగ. పైన తీగ కదిలితే కింద రాగితీగలో కరెంటు పుడుతుంది, అది స్పీకరు దాకా పోయి పాటవుతుంది. ఆ అయస్కాంతపు చుట్టనే పికప్ అంటారు. ఇలాంటి ప్రయత్నాలు అంతకు ముందూ జరిగాయిగానీ, ఫ్యాక్టరీలో వందలుగా చేసి అమ్మిన నిండుచెక్క గిటారు 1950లో ఆయనదే మొదటిది. స్ట్రాటోకాస్టర్ వచ్చింది 1954లో. అప్పుడు దాని ఖరీదు దాదాపు 250 డాలర్లు.

రేడియోలు రిపేరు చేసిన బుద్ధి ఎక్కడికి పోతుంది? గిటారుని కూడా విప్పి బాగుచేసుకునేలాగే తయారుచేశాడు. మెడని ఒంటికి జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు. మెడ పాడైతే విప్పి కొత్తది పెట్టుకోవచ్చు. ఆ సుళువే తర్వాతి కాలంలో మోసగాళ్ళకి వరమైంది. ఒక గిటారు మెడ తెచ్చి ఇంకో గిటారు ఒంటికి బిగిస్తారు. భేతాళుడి కథలో తలలు తారుమారైన మగవాళ్ళున్నారు చూడండి, అసలు మొగుడెవరని విక్రమార్కుణ్ణి అడుగుతాడే, అచ్చం అదే చిక్కు.

1965 జనవరిలో లియో ఫెండర్ ఆ కంపెనీని సి.బి.ఎస్. అనే పెద్ద సంస్థకి కోటీ 30 లక్షల డాలర్లకి అమ్మేశాడు. ఆ తర్వాత ఖర్చు తగ్గించే పద్ధతులు మొదలయ్యాయి, పనితనం పడిపోయిందని వాయించేవాళ్ళు గొణిగారు. దానితో అమ్మకానికి ముందు చేసిన పాత గిటార్లకి గిరాకీ పుట్టింది. సరిగ్గా ఇక్కడే నకిలీకి కూడా పుట్టుక. కొత్తదానికన్నా పాతదానికి ధర ఎక్కువ పలికిన రోజున, పాతదనాన్ని కూడా తయారుచేసి అమ్మేవాళ్ళు బయలుదేరతారు. చీరల్లోనూ, విగ్రహాల్లోనూ, వంశవృక్షాల్లోనూ జరిగింది అదే కదా!

మరి ఏది అసలో ఎలా తెలుస్తుంది? "పేరు రాసి ఉంటుందిగా" అంటారు మీరు. గిటారు తల మీద రాసుండే ఆ పేరు ఏమిటనుకున్నారు? మనం చిన్నప్పుడు నీళ్ళలో నానబెట్టి నోటుపుస్తకం మీద అంటించుకునే బొమ్మలుండేవి చూశారా, అలాంటి పల్చటి పొర. అచ్చు వేసుకోగలిగిన వాడెవడైనా అంటించుకోవచ్చు. దీని మీద ఓ తమాషా కథ ఉంది. లియో ఫెండర్ తన తొలి గిటార్లలో ఒకదానికి బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెట్టాడు. ఆ పేరుతో మాకు డ్రమ్ములున్నాయి, మీరు వాడకూడదని గ్రెష్ కంపెనీవారు అభ్యంతరం చెప్పారు. ఫెండర్ పొదుపరి. అచ్చయిపోయిన బొమ్మలు పారెయ్యడానికి మనసొప్పలేదు. కంపెనీ పేరు ఉంచి, గిటారు పేరున్న భాగం మాత్రం కత్తిరించేసి 1951లో కొన్నాళ్ళు అలాగే అంటించాడు. ఆ తర్వాతే టెలికాస్టర్ అన్న పేరు వచ్చింది. ఆ మధ్యకాలంలో వచ్చిన పేరులేని గిటార్లకే ఇవాళ ఎక్కడలేని విలువ!

పోనీ నెంబరు నమ్ముదామా? ఆ ముచ్చటా వినండి. ఫెండర్‌కి పోటీ కంపెనీ గిబ్సన్. వాళ్ళ ఇంజనీరు సెత్ లవర్ గురగురమనే రొద లేని కొత్త పికప్ కనిపెట్టి 1955లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. పేటెంటు చేతికొచ్చేసరికి 1959 అయింది. ఈలోగా తయారైన పికప్‌ల అడుగున "పేటెంటుకి దరఖాస్తు చేశాం" అని చిన్న కాగితం ముక్క అంటించారు. తర్వాతి రోజుల్లో పేటెంటు నెంబరున్న కాగితం అంటించారు. తీరా చూస్తే ఆ నెంబరు పికప్‌ది కానే కాదు, తీగలు బిగించే మరో భాగానిది! పోటీవాళ్ళని తికమక పెట్టడానికే అలా వేశారని చెప్పుకుంటారు. అంటే అసలు సరుకు మీదే తప్పు నెంబరు. ఇంక నకిలీవాణ్ణి ఏమనగలం? మొదటి కాగితం ఉన్న పికప్‌ల ధర ఇప్పుడు ఎంత పెరిగిందంటే, ఆ కాగితాన్నే నకిలీగా అచ్చేసి అంటిస్తున్నారు.

1970లలో జపాన్‌వాళ్ళు ఈ రెండు కంపెనీల గిటార్లనీ చూసి అచ్చు గుద్దినట్టు చేయడం మొదలెట్టారు. వాటి మీద సొంత పేర్లే వేసుకున్నారు, అది వేరే సంగతి. తల ఆకారం మాది కాపీ కొట్టారని గిబ్సన్ యజమానులు 1977లో ఐబనేజ్ గిటార్లని అమెరికాలో అమ్మే సంస్థ మీద కోర్టుకెక్కారు. చివరికి రాజీ పడ్డారు. ఫెండర్ కంపెనీ అయితే 1982లో తనే జపాన్‌లో తయారీ మొదలెట్టింది. కాపీ కొట్టే పిల్లాడి దస్తూరీ బాగుందని వాడి చేతే నోట్సు రాయించుకున్నట్టు! మన దేశంలోనూ కలకత్తాలో గివ్‌సన్, హాబ్నర్ అనే గిటార్లు చేశారు. గిబ్సన్, హాఫ్నర్ అన్న విదేశీ పేర్లకి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. దొరగారి కోటు తొడుక్కున్న పేర్లే గానీ, దిగుమతి సరుకు కొనలేని ఎంతమంది మధ్యతరగతి పిల్లలు వాటి మీద చేతులు తిప్పుకోవడం నేర్చుకున్నారో.

పేరు నమ్మలేం, నెంబరు నమ్మలేం. మరి దేన్ని నమ్మాలి? పట్టుచీర కొనేటప్పుడు మా అమ్మ ఏం చేసేదో గుర్తొచ్చింది. కొంగు అందం ఒక్క చూపు చూసి, చీరని వెనక్కి తిప్పేది. అంచు అడుగున జరీ ఎలా ముడిపడిందో చూసేది. "ముందువైపు అమ్మేవాడి కోసం, వెనకవైపు నేసినవాడి కోసం" అనేది. గిటారు సంగతీ అంతే.

పైనున్న ప్లాస్టిక్ పలక విప్పితే లోపల శబ్దం పెంచే, తగ్గించే మీటల అడుగుభాగాలు ఉంటాయి. వాటి వీపు మీద చిన్న అంకెలు గుద్దుతారు. ఉదాహరణకి 1377633 అని ఉందనుకోండి. మొదటి మూడంకెలు మీట చేసిన కంపెనీ గుర్తు, తర్వాత రెండు సంవత్సరం, చివరి రెండు వారం. అంటే అది 1976లో 33వ వారంలో చేసిన మీట. అసలు మీటలే ఉంటే, ఆ గిటారు అంతకన్నా ముందుది కావడానికి వీల్లేదు. మెడ విప్పితే దాని మొదట్లో పాత ఫెండర్లకి పెన్సిలుతో తేదీ రాసి ఉంటుంది. 1950లనాటి కొన్నిటికి తేదీతో పాటు "టి.జి." అన్న పొడి అక్షరాలు కూడా ఉంటాయి. మెడలు చెక్కిన తాడియో గోమెజ్ అనే పనివాడి గుర్తు అది.

ఇంకా లోపలికి వెళితే మనవాళ్ళే కనిపిస్తారు, ఆడవాళ్ళు! పికప్‌కి చుట్టే రాగితీగ తలవెంట్రుక అంత సన్నం. ఒక్కోదానికి దాదాపు ఎనిమిది వేల చుట్లు. గట్టిగా లాగితే తెగుతుంది, వదులైతే శబ్దం పాడవుతుంది. ఫెండర్ ఫ్యాక్టరీలో ఆ పని చేసినవాళ్ళలో స్త్రీలున్నారు. అబిగైల్ యబారా అనే ఆవిడ 1956లో అక్కడ చేరి, 2013లో విరమించుకుంది. తను చుట్టిన పికప్ అడుగున తేదీ, పొడి అక్షరాలు రాసేది. ఆ గిటార్లు వాయించినవాళ్ళ పేర్లు లోకమంతా మోగాయి. ఆవిడ అక్షరాలు ప్లాస్టిక్ పలక కింద చీకట్లో ఉండిపోయాయి. ఇప్పుడు ఆ అక్షరాల కోసమే భూతద్దాలు పట్టుకుని వెతుకుతున్నారు.

గిబ్సన్‌వారి కలమజూ ఫ్యాక్టరీ కథ మరీ విచిత్రం. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్ళు సైన్యంలోకి పోతే, ఫ్యాక్టరీ యుద్ధ సామగ్రి తయారీకి మళ్ళిందనీ, కొత్త వాయిద్యాలు చేయడం లేదనీ కంపెనీ చెప్పుకుంది. కానీ 1942 నుంచి 1945 దాకా ఆడవాళ్ళు వేలకొద్దీ గిటార్లు చేశారు. అవి కరెంటు లేని మామూలు గిటార్లే అయినా, ఇవాళ ఏరికోరి కొంటున్నారు. చాలా ఏళ్ళకి జాన్ థామస్ అనే ప్రొఫెసరు ఆ స్త్రీలని వెతికి పట్టుకుని పుస్తకం రాసేదాకా వాళ్ళు లెక్కలోనే లేరు.

అన్నట్టు, అసలుదని తేలినా ఇంకో ప్రశ్న మిగులుతుంది. అది అమ్మేవాడిదేనా? ర్యాండీ బాక్‌మన్ అనే కెనడా గాయకుడి గ్రెష్ గిటారు 1976లో టొరంటో హోటల్లో పోయింది. దశాబ్దాల తర్వాత ఒక అభిమాని చెక్కలోని చిన్న ముడి గుర్తు పట్టి, పాత ఫొటోలతో పోల్చి, అది టోక్యోలో ఒక సంగీతకారుడి దగ్గరుందని కనిపెట్టాడు. 2022 జూలై 1న అది బాక్‌మన్ చేతికొచ్చింది. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొనుక్కున్న హాఫ్నర్ గిటారు 1972లో లండన్‌లో దొంగతనానికి గురై, ఒక ఇంటి అటక మీద దొరికింది. ఆ సంగతి 2024లో లోకానికి తెలిసింది. అందుకే పాత బిల్లో, వాయిస్తున్నప్పటి ఫొటోయో చూపించమని అడగడంలో తప్పులేదు. చూడకముందే బయానా పంపకూడదు. పగటిపూట, వాళ్ళింటికే వెళ్ళి, విప్పి చూసి, ప్రతి మీటా తిప్పి వినాలి.

ఇంత సరంజామాతో గుంటూరు నుంచి బయలుదేరి సత్యనారాయణపురంలో ఆ ఇల్లు చేరాం. ఎవడో గడుసువాడు ఉంటాడనుకుంటే, తలుపు తీసింది 65 ఏళ్ళ పెద్దమనిషి. పెళ్ళిళ్ళకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవారట. ఇప్పుడు వేళ్ళు సహకరించడం లేదు. ఇల్లు ఖాళీ చేసి బెంగళూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. అడక్కుండానే ఫొటోలు చూపించారు. అన్నిట్లోనూ అదే గిటారు. "మా బావమరిది 1986లో దుబాయి నుంచి తెచ్చాడమ్మా. పాతదే, కానీ అమెరికాది అన్నాడు. ఆరు నెలల సంపాదన పోసి కొన్నాను" అన్నారు. ఆవిడ కాఫీ తెచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. బావమరిది అంటే ఆవిడ తమ్ముడు, పోయి నాలుగేళ్ళయిందట.

మావాడు గిటారు ఒళ్ళో పెట్టుకుని తల చూశాడు. నెంబరు "ఎస్6"తో మొదలవుతోంది. 'ఎస్' అంటే డెబ్బైలు, పక్కన 6 కాబట్టి 1976. అంతవరకు సరే. మెల్లిగా వెనక్కి తిప్పాడు. మెడ దగ్గర నాలుగు స్క్రూలు.

వాడు నా వంక చూశాడు, నేను వాడి వంక చూశాను. 1971 చివరి నుంచి 1981 దాకా స్ట్రాటోకాస్టర్ మెడకి మూడే స్క్రూలు. పైగా ఆ రోజుల్లో తల పెద్దది, ఇదేమో చిన్న తల. చేసినవాడు నెంబరు ఒక కాలం నుంచీ, ఒళ్ళు ఇంకో కాలం నుంచీ తెచ్చాడు. చరిత్ర పరీక్షలో అశోకుడికీ అక్బరుకీ చుట్టరికం కలిపినట్టు.

"విప్పచ్చా అంకుల్?" అన్నాడు మావాడు. ఆయనే స్క్రూడ్రైవరు తెచ్చిచ్చారు. "విప్పు బాబూ. పాడవుతుందని భయపడి నేనెప్పుడూ విప్పలేదు. ఏ సంవత్సరమో చెబుదువుగాని" అంటూ కళ్ళజోడు తుడుచుకుని ముందుకి వంగారు. పలక తీస్తే లోపల పొరలు పొరలుగా ప్లైవుడ్. మీటలు బొత్తాలంత, వాటి మీద ఒక్క అంకె లేదు.

"ఏమని ఉంది బాబూ?"

మావాడు తలెత్తలేదు. కథల్లో అలవోకగా అబద్ధాలు పుట్టించే నాకు ఒక్క మాట దొరకలేదు. నచ్చలేదని చెప్పి లేచిపోవచ్చు. కానీ ఇంకెవరో వచ్చి ఈయన్ని దొంగ అనచ్చు. లేదా మాలాంటి పిల్లాడెవడో 35 వేలు ఇచ్చేసి పోవచ్చు. చివరికి, "మాస్టారూ, ఇది ఆ కంపెనీది కాదండీ" అని, మూడు స్క్రూల సంగతీ, అంకెల సంగతీ చెప్పాను.

ఆయన ఏమీ మాట్లాడలేదు. గుమ్మంలోంచి ఆవిడే అన్నారు, "అంటే మా తమ్ముడు మమ్మల్ని మోసం చేశాడంటారా?" అని. ఆ గొంతు విన్నాక ఎందుకు చెప్పానా అనిపించింది. "ఆయన్నే ఎవరో మోసం చేసుంటారండీ. తల మీద పేరు చూసే కదా ఎవరైనా కొనేది" అన్నాను. మాస్టారు అప్పటికి తేరుకుని, "ముప్ఫై ఏళ్ళు వాయించిన నాకే తెలియలేదు, వాడికేం తెలుసే!" అని భార్యని కసిరారు. కసిరినట్టున్నా అది ఓదార్పే.

తర్వాత మావాడి చేత పలక బిగింపించి, స్పీకరుకి కలిపి, తనే నాలుగు వరసలు వాయించారు. వేళ్ళు తడబడ్డాయి గానీ పాట పలికింది. మొదటి మూడు మెట్ల మీద లోహం గుంటలు పడి ఉంది. "ఇద్దరు పిల్లల్ని చదివించింది బాబూ ఇది" అన్నారు. ధర ఆయనే తగ్గించారు. ఎనిమిది వేలకి తెగింది. ఇచ్చేటప్పుడు ఒక్క మాట కోరారు. "ఆ పేరు గీకెయ్యి. రేపు నువ్వు అమ్మితే ఇంకోడు మోసపోకూడదు."

మావాడు ఆయన్ని ఇంకోటి అడిగాడు. పలక మళ్ళీ విప్పి, ఆ ప్లైవుడ్ మీద పెన్సిలుతో ఆయన పేరూ, తేదీ రాయించుకున్నాడు. ఏ సంవత్సరం తేదీ వెయ్యాలని ఆయన కాసేపు తటపటాయించి 1986 అని వేశారు.

ఇప్పుడది మా ఇంట్లో ఉంది. తల మీద ఏ పేరూ లేదు. మిగిలిన డబ్బుతో స్పీకరు కొంటాట్ట. పాతదే, తెనాలిలో ఎవరో అమ్ముతున్నారట. వచ్చే ఆదివారం మళ్ళీ ప్రయాణం. స్క్రూడ్రైవరు మాత్రం ఈసారి నేనే నా చేతిసంచీలో వేసుకున్నాను.